పరేషాన్ కావొద్దన్న ఫోను

అచ్చు కాగితం ఏది చేతికొచ్చినా చివరిదాకా చదవకుండా వదలను. మిర్చి బజ్జీల పొట్లం విప్పినప్పుడు బజ్జీలు చల్లారిపోతున్నా సరే, ముందు ఆ కాగితం మీది సగం వార్త చదువుతాను. మిగతా సగం ఎవరి పొట్లంలో పోయిందో అని మనసు పీకుతూనే ఉంటుంది. దీనికి ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ. ఈ జబ్బు వల్లనే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ఆఫీసులో విదేశీ ప్రయాణం ఫైలు నా నెత్తిన పడింది.

అప్పుడు నేను నాగర్‌కర్నూల్ దగ్గర వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన క్షేత్రంలో పనిచేసేదాన్ని. నాది నేలల పరీక్ష. తిమ్మాజిపేట రైతు ఎవరో సంచిలో మట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టి, "దీంట్ల ఏం తక్కువైందో జర చూసి చెప్పు తల్లీ" అంటే చూసి చెప్పాలి. మా క్షేత్రం నుంచి అంతవరకూ ఎవరూ దేశం దాటింది లేదు. హైదరాబాద్ మీటింగుకు పోయొచ్చిన మనిషినే చుట్టూ చేరి ఏమైందని అడిగేవాళ్లం. అట్లాంటి చోటికి ఒక ఉత్తర్వు వచ్చింది. మా జొన్నల శాస్త్రవేత్త రెండు నెలల పని మీద ఆఫ్రికాలో ఒక దేశానికి పోవాలి. వానలు ముఖం చాటేసినా అక్కడి నాటు జొన్నలు నిలబడతాయట. వాటిని చూసి, అక్కడివాళ్లతో కలిసి పనిచేసి రావాలి.

ఆయనది గద్వాల. మేమంతా భాయ్ అనేవాళ్లం. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు, కోపమొస్తే మాత్రం మేడం అనేవాడు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు గద్వాలలోనే ఉండేవాళ్లు, వారం చివర ఇంటికి పోయొచ్చేవాడు. పక్క ఇంట్లోనే ఆయన అన్న. గద్వాల బస్టాండ్ దగ్గర బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఆ అన్నది. తండ్రి పోయినప్పటి నుంచి ఇంటికి పెద్ద ఆయనే.

ఉత్తర్వు వెంట ఒక కాగితాల కట్ట వచ్చింది. ఉద్యోగిని బయటి దేశానికి పంపేటప్పుడు విశ్వవిద్యాలయం ఏమేం చూసుకోవాలో అందులో రాశారు. ఏ టీకా వేయించుకోవాలి, ఏ మాత్రలు మింగాలి, బీమా ఎట్లాంటిది తీసుకోవాలి, ఒంట్లో ఏ జబ్బులున్నాయో ముందే చెప్పాలి, ఏమన్నా అయితే ఎవరికి కబురు చేయాలి. మా పెద్దసారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నువ్వే చూడమ్మా, చదివే ఓపిక నీకే ఉంది" అన్నాడు. నాకు లోపల పండగే. అట్లాంటి కాగితాలు నేను మునుపెన్నడూ చూడలేదు.

టీకా కోసం భాయ్ హైదరాబాద్ పోయొచ్చాడు. దోమ కుడితే వచ్చే ఒకరకం జ్వరానికి ఆ టీకా. వేసినట్టు పసుపు రంగు కార్డు ఇస్తారు. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే పట్టుకుని విడిగా ఉంచుతారట. "పోయేటప్పుడు వాళ్లు ఆపుతరు అనుకున్న గానీ, వచ్చేటప్పుడు మనోళ్లే ఆపుతరంట అక్కా!" అని భాయ్ నవ్వాడు. ఆ జ్వరం ఇక్కడ లేదు, ఇక్కడికి రాకుండా కాపలా కాస్తున్నారన్నమాట. నాకు అది బాగా నచ్చింది. ఆ కార్డు తీసుకుని ముద్రలన్నీ చదివాను.

ఇక బీమా. వనపర్తి నుంచి ఏజెంటు మోపెడ్ మీద వచ్చాడు. గోపాల్‌పేట దాకా పోయే పనుంటే ఇటు కూడా తిరిగాడు. అప్పటిదాకా ఆయన బేరం అంతా ఎడ్లతో, బర్రెలతో. పెబ్బేరు సంతలో కొన్న పశువుకు అక్కడే బీమా రాయించేవాడు. మనిషికి, అందులోనూ విమానమెక్కే మనిషికి రాయించడం ఆయనకూ కొత్తే.

"బర్రెకైతే చెవుకు బిళ్ల కొడతం మేడం. అది సచ్చినంక గా బిళ్ల సూపెడితేనే పైసలు. బిళ్ల లేకుంటే ఏ బర్రెనో మాకేం తెలుస్తది?" అన్నాడు.

భాయ్ చెవి పట్టుకుని, "నాకు గూడ కొడతవా ఏంది?" అన్నాడు. ఏజెంటు సీరియస్‌గా, "లేదు సారు, మీకు పాస్‌పోర్ట్ నంబర్ చాలు" అన్నాడు. మేం పగలబడి నవ్వాం.

ఆ బీమా పుస్తకం వచ్చినప్పటి నుంచి నాకు వేరే పని తోచలేదు. దవాఖాన ఖర్చు ఇస్తారు. చిన్న ఊళ్లో వైద్యం కుదరకపోతే విమానంలో పెద్ద ఊరి దవాఖానకు తీసుకుపోతారు. సామాను పోతే ఇంత, పాస్‌పోర్ట్ పోతే ఇంత. ఇవ్వనివి కూడా రాశారు: యుద్ధంలో దెబ్బ తగిలితే ఇవ్వరు, తాగి కొట్లాడితే ఇవ్వరు, కొండలెక్కి జారిపడితే ఇవ్వరు, ఉన్న జబ్బు దాచిపెడితే అసలే ఇవ్వరు. మనిషికి ఎన్ని విధాల ఆపద రావచ్చో ఎవరో కుర్చీలో కూర్చుని తీరిగ్గా ఆలోచించారు. ఎవరాయన? ఇంటికి పోయి అన్నం తింటూ కూడా ఇవే ఆలోచిస్తాడా? ఒకచోట, బీమా ఉన్న మనిషి మరణిస్తే శరీరాన్ని సొంత ఊరికి చేర్చే ఖర్చు కంపెనీదే అని ఉంది. అది గట్టిగా చదివేశాను.

"అక్కా, జర మెల్లగ చదువు, నేనింక ఈడనే ఉన్న" అన్నాడు భాయ్.

కానీ నాకు ఆ మాట వింతగా ఏమీ అనిపించలేదు. పాలమూరు నుంచి ప్రాజెక్టుల పనికి గుంపులు గుంపులుగా పోయేవాళ్లు మేస్త్రీతో మొదట మాట్లాడేది దీని గురించే. రోగమొస్తే దవాఖానకు ఎవరు తోలుకపోతరు, పానం పోతే ఊరికి ఎవరు తెస్తరు. మేస్త్రీ నలుగురిలో ఒప్పుకున్న తర్వాతే మూట కడతారు. మా ఊళ్లో చిన్నప్పటి నుంచి ఈ మాటలు విన్నదాన్ని. విశ్వవిద్యాలయం వాళ్లు మేస్త్రీ పని కాగితం మీద పెట్టారు, అంతే కదా అనుకున్నాను.

చిక్కు వచ్చింది ఒక్కచోటే. ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చేయాలి? భార్య పేరు రాయమన్నాను. ఇంట్లో కొత్తగా ఫోను పెట్టించుకున్నారు కూడా.

"వద్దక్కా. అన్న దుకాణం నంబర్ రాస్తున్న. ఆమెకు సీదా చెప్తే తట్టుకోదు. ఏదున్నా అన్నకు చెప్తే, అన్న చెప్పే తీరుగ చెప్తడు."

నేను మళ్లీ అడగలేదు. మా వైపు ఎవరైనా అట్లాగే రాస్తారు. చావు కబురును ఏ ఇంట్లోనూ తిన్నగా తీసుకొచ్చి పెట్టరు. ముందు పక్కింటికో, ఊళ్లో పెద్దమనిషికో చెప్తారు. దూరాన ఉన్న కొడుక్కో కూతురికో, "పానం జర బాగలేదు, ఒకసారి వచ్చిపో" అంటారు. ఆ గొంతు వినగానే అవతలి మనిషికి తెలిసిపోతుంది. తెలిసినా తెలియనట్టే బస్సెక్కుతాడు. ఇంటి మలుపు తిరిగి, అరుగు మీద జనాన్ని చూసేదాకా ఆ చిన్న ఆశను ఎవరూ లాక్కోరు. మా నాన్న సంగతి నాకు అట్లాగే తెలిసింది. అందుకే నాకూ అది మర్యాదగానే తోచింది.

భాయ్ వెళ్లాడు. మొదట్లో రెండు ఉత్తరాలు రాశాడు. అక్కడ జొన్న మనిషికంటే రెండింతలు ఎత్తు పెరుగుతుందట, జొన్నపిండి పులియబెట్టి పెద్ద దోసెలాగా పోసి, దాని మీదే కూర వడ్డించి, అందరూ ఒకే పళ్లెంలో తింటారట. ఆ ఉత్తరాలు ఆఫీసులో అందరం చదివాం. కొన్నాళ్ల తర్వాత ఒక శనివారం పొద్దున గద్వాల నుంచి మా ఆఫీసుకు ఫోను వచ్చింది. భాయ్ వాళ్ల అన్న.

"మేడం, తమ్మునికి జర పానం బాగలేదంట. మీరొకసారి గద్వాల దాక రాండి."

"ఏమైంది అన్నా?"

"ఏం లేదు మేడం. జర సుస్తు. మీరు రాండి."

ఫోను పెట్టేశాను. ఇంకేం అడగాలి? ఆ "ఏం లేదు" అన్న మాటతోనే అంతా అయిపోయింది. పెద్దసారుకు చెప్తే ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లద్దాలు తీసేశాడు. ఆయన కూడా ఏమైందని అడగలేదు. భాయ్ ఫైలు తీసి సంచిలో పెట్టుకున్నాను. శరీరాన్ని తెప్పించాలంటే బీమా కాగితాలు కావాలి కదా. అప్పుడు నా బుర్రలో తిరిగింది అదొక్కటే.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వనపర్తిలో బస్సు మారాను. పెబ్బేరు దగ్గర శనివారం సంత, రోడ్డు నిండా ఎడ్లు, గొర్రెలు, లారీలు. బస్సు కదలదు. ఒకాయన రెండెడ్లను పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి తీరిగ్గా బేరమాడుతున్నాడు. కండక్టర్ మీద అరిచాను, "దిగి తొలగించరాదయ్యా, అట్ల చూస్తవేంది!" అని. పాపం, అతనేం చేస్తాడు? "ఏమైందమ్మా, దవాఖాన పనా?" అన్నాడు మెత్తగా. దానికి మళ్లీ ఏడుపొచ్చింది. కృష్ణ మీది వంతెన దాటుతుంటే ఆ పిల్లల ముఖాలు కళ్ల ముందు తిరిగాయి. వాళ్లకు ఎవరు చెప్తారు, ఎట్లా చెప్తారు?

గద్వాలలో దిగేసరికి దుకాణానికి తాళం వేసి ఉంది. ఇంటి వీధిలో ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. అన్న లేచి ఎదురొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంట్ల ఇంకా చెప్పలే మేడం. అందరు వచ్చినంక చెప్తం" అన్నాడు.

"ఎప్పుడు పోయిండట?" అన్నాను.

"వాళ్లు గట్ల చెప్తరా మేడం? మనమే అర్థం చేసుకోవాలె."

ఆ మాట నాకు ఎక్కడో తట్టింది. ఏడుస్తున్నా సరే, నా జబ్బు నన్ను వదల్లేదు. "అన్నా, వాళ్లు అన్న మాట అన్నట్టు చెప్పు. ఒక్క ముక్క గూడ ఇడువకు."

ఆయన గుర్తు తెచ్చుకున్నాడు. బీమా కంపెనీ తరఫున బొంబాయి నుంచి ఒకామె హిందీలో మాట్లాడిందట. మీ తమ్ముడు కడుపునొప్పితో అక్కడి దవాఖానలో చేరాడు, హాలత్ స్టేబుల్ హై, ఆప్ పరేషాన్ మత్ హోయియే, అంటే నిలకడగానే ఉన్నాడు, మీరు కంగారు పడకండి, అన్నదట.

"పరేషాన్ కావొద్దు అన్నరు మేడం. పరదేశం నుంచి ఫోన్ చేపించి పరేషాన్ కావొద్దు అంటున్నరంటే, ఇగ తెలుస్తలేదా? ఆయన భార్యతోని మాట్లాడొచ్చా అని గూడ అడిగింది."

"ఇంకా?"

"ఏమేం మందులు వాడుతడు, ఏ మందు పడదు అని అడిగింది. సచ్చినోని మందులతోని ఏం పని? ఊకె దిల్ నిమ్మలపరచనీకి అడుగుతున్నరని ఫోన్ పెట్టేసిన. అప్పటిసంది దుకాణం తెరువలే."

నాకు మరుక్షణం అరికాలి మంట నెత్తికెక్కింది. మందు పడదా అని అడిగారంటే మందు ఇవ్వబోతున్నారనే కదా! ఆ బీమా పుస్తకం నేను ఎన్నిసార్లు చదివాను! చనిపోతే అడిగేవి వేరే, ఆ పేజీ వేరే. ఆ బొంబాయి ఆమె పొద్దుటి నుంచి తాళం వేసిన దుకాణానికి ఫోన్ చేస్తూనే ఉందేమో. అక్కడ భాయ్ కడుపు పట్టుకుని పడి ఉన్నాడు, ఇక్కడ వీళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"అన్నా, నీ తమ్ముడు బతికే ఉన్నడు! లే, తాళం తియ్యి!" అని అరిచాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. అంతే. మగవాళ్లలో ఒక ముసలాయన, "మేడంకు నీళ్లియ్యండ్రా" అన్నాడు. నాకు దుఃఖంతో మతి చలించిందనుకున్నారు. బతికున్నాడు అన్నది, ఇట్లాంటప్పుడు ఎవరైనా అనే మాటే కదా.

ఇంట్లోకి దూసుకుపోయాను. నలుగురు ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. భాయ్ భార్య గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"అక్కా, పనిదినం నాడు అందరు ఊకెనే వచ్చినం అంటున్నరు. నేను పొయ్యి మీద అన్నం వండుతున్న. మా ఆడబిడ్డ ఇంటి నుంచి పప్పు, అన్నం గిన్నెల్ల పెట్టుకొని వచ్చింది. గప్పుడే నా పొయ్యి ఆర్పేసిన" అంది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలే వండి తెస్తారు. ఆ గిన్నెలు మూత తీయకుండా మూలన వరసగా ఉన్నాయి. ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. "చెల్లె, ఆయన సచ్చిపోలే. కడుపునొప్పితోని దవాఖానల ఉన్నడు. నీతోని మాట్లాడాలని వాళ్లు ఫోన్ చేస్తున్నరు. నాతోని రా."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"నువ్వు గూడ గట్లనే చెప్తవా అక్కా? నువ్వన్న నాకు సీదా చెప్తవనుకున్న."

ఇంతకంటే సీదాగా ఎట్లా చెప్పాలి? దవాఖానలో ఉన్నాడు, బాగలేదు, ఏం కాదు, భయపడకు. ఉన్న మాటలన్నీ మేం చావు కబురు దాచడానికే వాడేసుకున్నాం. నిజంగా దవాఖానలో ఉన్న మనిషి గురించి చెప్పడానికి ఒక్క మాట కూడా మిగల్లేదు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆమెను రెక్క పట్టి లేపాను. "నమ్మకు. నమ్మకుంటనే రా. నడువు!" ఆడవాళ్లు వద్దన్నారు, బయట ముసలాయన అడ్డం వచ్చాడు. ఎవరి మాటా వినలేదు. వెనకాల అన్న తాళంచెవులు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, నమ్మి కాదు, నేను ఇంకేం గోల చేస్తానో అని.

దుకాణం లోపల విప్పిన మోటార్లు, రాగి తీగ చుట్టలు, నూనె వాసన. దూరపు ఊళ్ల నుంచి సామాను తెప్పించుకుంటాడు కాబట్టి ఆ ఫోనుకు ఎస్టీడీ ఉంది. బీమా కాగితం మీది నంబరు తిప్పాను. అటు ఒకామె పలికింది. భాయ్ పేరు చెప్పగానే, "అమ్మయ్య! పొద్దుటి నుంచి ప్రయత్నిస్తున్నాను, ఎవరూ ఎత్తడం లేదు" అంది హిందీలో. ఆ అమ్మయ్య విని నా ప్రాణం లేచొచ్చింది. చచ్చిపోయిన మనిషి వాళ్లు ఫోన్ ఎత్తితే ఎవరూ అట్లా అనరు.

ఆమె గబగబా చెప్పింది. పేగు పక్కన ఉండే చిన్న తోక వాచి, పగిలి, లోపల చీము చేరింది. ఆ చిన్న ఊళ్లో ఆపరేషన్ చేసే డాక్టర్ లేడు. రాజధానికి తీసుకుపోవడానికి చిన్న విమానం సిద్ధంగా ఉంది. జ్వరంతో ఆయన పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, అడిగితే జవాబు చెప్పలేడు. ముందు ఏమన్నా జబ్బులు ఉన్నాయా, ఏ మందన్నా పడదా అన్నది ఇంటివాళ్లు చెప్పాలి, ఆపరేషన్‌కు సరేననాలి. డాక్టర్లు దాని కోసమే చూస్తున్నారు.

రిసీవరు భాయ్ భార్య చేతికిచ్చి, నా చెవి కూడా దానికి ఆనించాను. ఆమె అడిగిన మొదటి మాట మందుల గురించి కాదు.

"ఆయన బతికున్నడా?"

"ఉన్నారమ్మా."

"ఒట్టేసి చెప్పు."

"అమ్మా, ఈ కుర్చీలో కూర్చుని నేను ఆ రెండో రకం ఫోన్లు కూడా చేస్తాను. అట్లాంటప్పుడు మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను. మాకు అట్లాగే నేర్పారు. మీ భర్త బతికున్నారు. ఆయనకు పడని మందు ఏదన్నా ఉందా?"

ఈమె కళ్లు మూసుకుంది. "పెన్సిలిన్ పడదు. పెండ్లైన ఏడు ఈడ సూదేస్తే మొఖమంత వాసింది, ఊపిరాడలే." ఆ బీమా ఫారంలో జబ్బులున్నాయా అని అడిగారు గానీ పడని మందు గురించి అడగనే లేదు. భాయ్‌కి అది జబ్బు అని తోచలేదు, నాకసలు తెలియనే తెలియదు. అవతల ఆమె ఎవరితోనో గట్టిగా, "పెన్సిలిన్ వద్దు, వెంటనే చెప్పండి" అనడం వినిపించింది. తర్వాత ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నారా అని అడిగింది. ఈమె ఒప్పుకుంటున్నానంది. ఏదన్నా తెలిస్తే ఇదే నంబరుకు చేస్తామని అవతల పెట్టేశారు.

నేను కొంగుతో ముఖం తుడుచుకుని భాయ్ భార్య వైపు తిరిగాను. ఆమె ముఖంలో మార్పేమీ లేదు.

"ఆమె మంచిగ మాట్లాడింది అక్కా" అంది. "మంచిగ నేర్చుకున్నది."

ఇంకా నమ్మలేదు! నమ్మకుండానే, ఆయనకు పడని మందు పేరు చెప్పింది, ఆపరేషన్‌కు సరేనంది. ఎట్లా చెప్పగలిగావని ఇప్పటికీ అడగాలనిపిస్తుంది. అడగలేదు. అన్న మాత్రం తీగ చుట్ట మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని, "పెన్సిలిన్... పొద్దుగాల ఆమె గదే అడిగింది మేడం, గదే అడిగింది" అని ఆగకుండా అంటున్నాడు. ఆయన మీద నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆయన చేసింది మా అందరికీ తెలిసిన మర్యాదే.

చుట్టాలు పోలేదు. నమ్మినవాళ్లు కొందరు, నమ్మనివాళ్లు కొందరు, అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఆ గిన్నెల్లోని అన్నం పిల్లలు తప్ప ఎవరూ తినలేదు. ఆమె ఇంటికి రానంది. దుకాణంలోనే ఫోను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది, నేనూ ఆమె పక్కనే ఉన్నాను. తెల్లారి, మసీదులో నమాజు అయి జనం ఇంటిదారి పట్టే వేళకు ఫోను మోగింది.

బొంబాయి ఆమే. రాజధానికి చేర్చారు, ఆపరేషన్ అయింది, లేచాడు, లైన్ కలుపుతున్నాను, ఒక్క నిమిషం అంది. టక్కు టక్కుమని చప్పుళ్లు, ఎక్కడో ఎవరిదో అర్థం కాని భాష, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఇద్దరి చెవులూ ఒకే రిసీవరుకు ఆనించాం.

"హలో" అని సన్నగా వినిపించింది. భాయ్ గొంతే.

అప్పుడు ఏడ్చింది ఆమె. ఆ ముందురోజు నుంచి కన్నీటి చుక్క రాల్చని మనిషి దుకాణమంతా దద్దరిల్లేటట్టు ఏడ్చింది. బయట నుంచి అన్న పరుగెత్తుకొచ్చి, ఆ ఏడుపు విని గుమ్మంలోనే గోడ పట్టుకుని కూలబడిపోయాడు. ఆయన వేరేగా అనుకున్నాడు. బతికున్నాడని నేను చేత్తో సైగ చేస్తూ ఉన్నాను. వాళ్లిద్దరూ ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం మా భాషలోనే గుర్తుండిపోయింది. నువ్వు పోయినవనుకున్న అని ఆమె ఏడుస్తూనే చెప్పింది.

"ఏడుస్తవెందుకు? నేనున్న గదా. సచ్చిన అని ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు భాయ్.

"ఎవ్వరు చెప్పలే" అంది ఆమె. "నీకేం గాలేదనే చెప్పిండ్రు, అందరు."